పెండ్లిళ్ల లెక్కన కట్టిన కట్ట

ఆమె తెచ్చిన కట్టను నేను కత్తెరతో కత్తిరించాను. వకీలుగా నేను అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు. అంత తప్పుగా చేసిన పని కూడా మరొకటి లేదు.

కరీంనగర్ కోర్టు ఆవరణలో నాకొక బల్ల ఉంది. దానికి మూడు కాళ్లు సొంతం, నాలుగోది ఇటుక. వకీలును పెట్టుకోలేని ముద్దాయిలకు ప్రభుత్వమే ఒక వకీలును ఇస్తుంది కదా, ఆ న్యాయ సహాయం కింద నాకు కేసులు వస్తాయి. అంటే నన్ను ఎవరూ ఎంచుకోరు, రేషన్ బియ్యంలాగా నన్ను పంచుతారు. బియ్యంలో రాళ్లుంటే ఏరుకోవచ్చు. వకీలులో ఉంటే ఏం చేస్తారు, పాపం.

ఆమె భర్తకు నన్ను అట్లాగే పంచారు. అతను పెళ్లిళ్ల వంటమనిషి. చేతివాటం గల వంటమనిషి అని అందరూ మెచ్చుకునేవారట. ఆ చేతివాటానికి రెండో అర్థం కూడా ఉందని తర్వాత తెలిసింది. అతను నగల జోలికి పోలేదు, కట్నకానుకల జోలికి పోలేదు. వంట పాత్రలు ఎత్తుకుపోయాడు. ఇత్తడి గంజులు, రాగి గంగాళాలు. పిలవని పెళ్లికి వెళ్లి, వంటవాళ్లలో కలిసిపోయి, నాలుగు బంతులు వడ్డించి, అడిగినవాళ్లకు అడిగినంత పెరుగు పోసి, సాయంత్రం అందరూ అలసిపోయాక పెద్ద గంగాళం నెత్తిన బోర్లించుకుని, ముందు ద్వారం గుండానే బయటికి నడిచేవాడు. సాక్షులు చెప్పిన మాట చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను: "బరువు మోస్తున్నడని మేమే తొవ్వ ఇచ్చినం సార్."

కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు దగ్గర పట్టుబడ్డాడు. అతను ఎత్తుకున్న గంగాళం అతనికి వంట నేర్పిన పాత గురువుదట. సొంత గంగాళం సొట్టను ఆ ముసలాయన వీధి అవతలి నుంచి గుర్తుపట్టాడు. కోర్టు హాలు బయట అయిదు నిమిషాలు మాట్లాడి నేను ఇచ్చిన సలహా ఒక్కటే: నేరం ఒప్పుకో, తక్కువలో పోతుంది. ఒప్పుకున్నాడు. ఏడాది పడింది. నేను సంతోషంగా చాయ్ తాగడానికి వెళ్లాను.

అతని మీద ఇంకో మూడు చోట్ల కేసులున్నాయి, నేను అడగలేదు. పోలీసుల ముందు అతను అన్నీ వరసగా చెప్పేశాడు. వేములవాడలో ఒకటి, బెల్లంపల్లిలో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి. ఒకప్పుడు ఇవన్నీ రెండు జిల్లాలు. ఇప్పుడు జిల్లాలు పిల్లల్ని పెట్టాయి. అతను తిరిగిన నేల అంతే ఉంది, దాటిన హద్దులు పెరిగాయి. ఒక్కో ఊరి పోలీసులు వారంటు తీసుకుని జైలుకు రావడం, అతన్ని తమ కోర్టుకు తీసుకుపోవడం మొదలైంది. అతను మాత్రం నా సలహాను గురుమంత్రంలాగా పట్టుకున్నాడు. వెళ్లిన ప్రతి కోర్టులో చేతులు కట్టుకుని "ఒప్పుకుంటున్న" అన్నాడు. వేములవాడ కేసులో ఏడాది. బెల్లంపల్లి కేసులో ఏడాది. ఒక కోర్టుకు ఇంకో కోర్టు సంగతి తెలియదు. చెప్పాల్సింది మా వంటివాళ్లం. చెప్పలేదు.

ఇదంతా నాకు తెలిసింది ఆమె వచ్చి నా మూడుకాళ్ల బల్ల ముందు నిలబడిన రోజు. బీడీలు చుట్టే మనిషి. తంబాకు రంగు పట్టిన బొటనవేలు. ఆ వేలితో ఒక చిన్న కాగితం ముక్కను నా ముందుకు తోసింది.

"సార్, గిది జైలుల గుమస్తా సారు ఇచ్చిండు. మా ఆయన ఇడుదలైతడన్న తారీఖు. జర సూడుండ్రి, పెన్సిల్‌తోని రాసిండు."

చూశాను. తొమ్మిది నెలల తర్వాతి తేదీ. పెన్సిల్ గీతలు అప్పటికే సగం మాసిపోయి ఉన్నాయి.

"పెన్నుతోని రాయమంటే రాయలే. ఆదిలాబాద్ కేసు ఇంక తేలలేదు, తేలేదాంక పెన్ను పెట్ట అన్నడు. మా బిడ్డ గోడ మీద బొగ్గుతోని గీతలు గీసుకున్నది సార్, గా తారీఖు దాంక. దినాం ఒకటి తుడుస్తది. ఇప్పుడు గది పెన్సిల్‌దని దానికెట్ల జెప్పాలె?"

మర్నాడు జైలుకు వెళ్లాను. ఇనుప జాలీ అవతల అతను. బక్కపలచని మనిషి. నెత్తిన అంత గంగాళం ఎట్లా నిలిచిందో అనిపించింది. నన్ను చూసి సంబరపడ్డాడు. నా సంగతి తెలిసిన వాళ్లెవరూ నన్ను చూసి అంతగా సంబరపడరు.

"అన్ని కోర్టుల్లో ఎందుకు ఒప్పుకున్నావు?" అని అడిగాను.

"మీరే గదా సార్ ఒప్పుకోమన్నది."

"నేను అన్నది ఒక్క కేసుకు."

"అన్నీ ఒకటే బంతిల కూసుంటయ్ అనుకున్న సార్," అన్నాడు. "నాలుగు ఊర్ల సుట్టాలొచ్చినా, జాగ ఉంటే ఒకటే బంతి ఏస్తం గదా. అందరు ఒక్కసారే తింటరు, ఒక్కసారే లేస్తరు. శిక్షలు గూడ గట్లనే అనుకున్న."

నేను మూడేళ్లు చదివిన చట్టాన్ని ఇంత శుభ్రంగా ఎవరూ వడ్డించలేదు. అతను అనుకున్నదానికి చట్టంలో ఒక మాట ఉంది: ఏకకాలంలో. కాని ఆ మాటను జడ్జి తీర్పులో రాయాలి. రాయకపోతే ఒక బంతి లేచాకే ఇంకో బంతి. ఒక శిక్ష ముగిసిన మర్నాడు రెండోది మొదలు. రాయమని అడగాల్సింది వకీలు. మొదటి తీర్పు రోజునే నేను మిగతా కేసుల సంగతి కనుక్కుని, తర్వాతి కోర్టులకు కబురు అందేలా చూసి ఉంటే, ఈ మనిషి ఇప్పటికి ఎవరి పెళ్లిలోనో పప్పు తిప్పుతూ ఉండేవాడు. వేరేవాళ్లవి తిప్పకుండా ఉంటాడని నేను హామీ ఇవ్వలేను, అది వేరే సంగతి.

మొదటి రెండు శిక్షలు అప్పటికే అయిపోయాయి, మూడోది నడుస్తోంది. చేతిలో మిగిలింది ఆదిలాబాద్ ఒక్కటే. అక్కడ ఆ ఒక్క మాట రాయించగలిగితే నాలుగో శిక్ష మూడోదాని పక్కన కూర్చుంటుంది. లేకపోతే దాని తర్వాత కూర్చుంటుంది. ఆమెతో చెప్పాను: పాత తీర్పులన్నిటి నకళ్లు, కోర్టు ముద్ర ఉన్నవి, కావాలి. నేను వెళ్లి తెస్తాను, కాస్త సమయం పడుతుంది.

నా "కాస్త సమయం" సంగతి ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. మూడు వారాలకు ఆమే వచ్చి కట్టను బల్ల మీద పెట్టింది. మూడు తీర్పులు, వాటి పైన ఆదిలాబాద్ చార్జిషీటు. చదువు రాదు. కోర్టుకు ఒక్కసారి పోతే నకలు రాదని, దరఖాస్తుకు ఒకసారి, స్టాంపుకు ఒకసారి, సంతకానికి ఒకసారి తిరగాలని నాకు తెలుసు. ఆ తిరుగుడు భయంతోనే నేను చాలా దరఖాస్తులు పెట్టను. ఆమె పొద్దంతా తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి అప్పజెప్పి, మర్నాడు బస్సెక్కి, ఆ మర్నాడు మళ్లీ చాట ముందు కూర్చుని, ఇట్లా కరీంనగర్ కాక ఇంకో మూడు ఊళ్లు తిరిగింది. అసలు మనిషి ఒక్కడే జైల్లో ఉంటే అతని నకళ్లు ఇన్ని ఊళ్లలో పడి ఉన్నాయి. అన్నిటినీ ఏరి తెచ్చింది.

కట్ట మొత్తాన్ని బీడీలు కట్టే దారంతో కట్టింది. విడివిడిగా ఒక్కోదానికి కూడా దారం. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, ఇట్లా నాలుగు దాకా. ఎంత అందంగా ఉందో! అందాన్ని చూశాను, అడగలేదు. అడగకపోవడంలో నాకు ఎదురులేదు.

ఆ రాత్రి పుస్తకం తీసి చదివితే అసలు చిక్కు కనిపించింది. ఏకకాలంలో నడపమని అడగాలంటే పాత శిక్షలన్నీ జడ్జి ముందు పెట్టాలి. పాత శిక్షలు ముందు పెడితే, ఇంతకుముందే శిక్ష పడ్డవాడు మళ్లీ అదే నేరం చేస్తే శిక్ష పెంచవచ్చన్న ఇంకో సెక్షన్ తలుపు తెరుచుకుంటుంది. కొత్త చట్టం వచ్చాక సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. నాకు పాతవే సరిగ్గా రావు కనుక నష్టం పెద్దగా జరగలేదు. నంబరు ఏదైనా సంగతి ఇదీ: ఏ కాగితాలతో దయ అడగాలో, ఆ కాగితాలే అతన్ని మళ్లీ మళ్లీ దొంగ అని రుజువు చేస్తాయి. పెంచితే ఏళ్లు పడతాయి.

ఆమెను పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇవి పెట్టకపోతే ఆదిలాబాద్ కోర్టుకు తెలియకపోవచ్చు. మామూలు శిక్షతో పోవచ్చు, కాని అది తర్వాతి బంతి అవుతుంది. పెడితే కలిసిరావచ్చు, లేదా ఇంకా పెరగవచ్చు. ఏం చేద్దాం?"

ఆమె ఆలోచించినట్టు కూడా లేదు.

"పెట్టుండ్రి సార్. దాసుడు ఆయన పని. మనం గూడ దాసుకుంట పోతే ఇగ ఆయనకు మనకు ఫరకేమున్నది?"

నేను నీతి అన్న మాటను సాక్షుల చేత ప్రమాణం చేయించేటప్పుడు తప్ప వాడను. ఆమె ఆ మాట వాడనే లేదు.

సరే, పెడదాం అనుకున్నాక నాలోని వకీలు నిద్ర లేచాడు. ఆ వకీలు పడుకునే ఉంటే బాగుండేది. కట్టను జిరాక్సుకు ఇవ్వాలి. దారాలు అడ్డం. కత్తెర తీసి టకటకా కత్తిరించాను. చూస్తే ఆమె పెట్టిన వరస అంతా తలకిందులు. ఆదిలాబాద్ కాగితాలు అన్నిటికన్నా పైన, కరీంనగర్ తీర్పు అన్నిటికన్నా అడుగున. పాపం చదువు రాదు కదా అనుకుని, తీర్పు తేదీల ప్రకారం సర్దాను. మొదట కరీంనగర్, తర్వాత వేములవాడ, తర్వాత బెల్లంపల్లి, చివర ఆదిలాబాద్. ముందు ఒక పట్టిక కూడా టైపు చేయించాను. నా జీవితంలో అంత చక్కటి పట్టిక నేను దాఖలు చేయలేదు.

ఆదిలాబాద్‌కు తెల్లవారుజామున బస్సు. పక్క సీట్లో ఆమె, ఒళ్లో టిఫిన్ డబ్బా. నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రెండు వైపులా టేకు చెట్లు, ఆకులు రాలే రోజులు. కరీంనగర్‌లో నన్ను కేటాయిస్తారని చెప్పాను కదా. ఆదిలాబాద్‌లో నన్ను ఎవరూ కేటాయించలేదు. ఆమె అడిగింది, నేను వకాలతు వేశాను. నన్ను ఒకరు ఎంచుకోవడం అదే మొదలు. ఆ సంగతి ఆమెతో అనలేదు, అంటే బస్సు దిగిపోతుందేమోనని.

కోర్టులో అతను యథాప్రకారం చేతులు కట్టుకున్నాడు. "ఒప్పుకుంటున్న అమ్మా." మేజిస్ట్రేటు యాభై దాటిన ఆవిడ, కళ్లద్దాల పైనుంచి చూసే అలవాటు. శిక్ష గురించి చెప్పేదేమైనా ఉందా అని అడిగారు. నేను లేచి, శిక్షలు ఏకకాలంలో నడపమని కోరుతూ అర్జీ, దానితోపాటు నా అందమైన పట్టిక అందించాను.

ప్రభుత్వ న్యాయవాది ఒక ప్రతి తీసుకుని చదివారు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది.

"మేడమ్, నా పని తగ్గించిన వకీలు గారికి షుక్రియా," అన్నారాయన. "వారి పట్టికే చూడండి. మొదటిసారి కరీంనగర్‌ల శిక్ష పడ్డది. బుద్ధి రాలే. రెండోసారి పడ్డది. రాలే. మూడోసారి పడ్డది. ఇప్పుడు నాలుగోది మీ ముందల ఉన్నది. గిసొంటోనికి దయ ఎందుకు? శిక్ష పెంచాలని మా మనవి."

నేను లేచాను. నోరు తెరిచాను. "మేడమ్..." అన్నాను. ఆ మాట బాగానే పలికాను, తర్వాత మాట రాలేదు. నా నిచ్చెన వేసి, నా ముద్దాయినే పైకెక్కించి, అక్కడి నుంచి తోసేశారు. నిచ్చెన మెట్లు నేనే చెక్కాను.

అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది. "సార్, గా కట్ట నేను గట్ల కట్టలే."

కోర్టులో మధ్యలో మాట్లాడకూడదని జవాను కళ్లెర్రజేశాడు. ఆమె నిలబడే ఉంది. నన్నే చూస్తోంది, కోపంగా కాదు. అన్నం మాడగొట్టిన మనిషిని చూసినట్టు.

మేజిస్ట్రేటు అడిగారు, "ఎవరామె?"

"ముద్దాయి భార్య, మేడమ్. ఈ నకళ్లన్నీ ఆమే తిరిగి తెచ్చింది."

"ఇటు రామ్మా. ఎట్ల కట్టినవు మరి?"

ఆమె ముందుకు వచ్చింది. తంబాకు వేలితో నా కాగితాల వైపు చూపించింది.

"అమ్మా, నేను పెండ్లిళ్ల లెక్కన కట్టిన. సారు కోర్టుల లెక్కన పెట్టిండు. మా ఆయన పెండ్లిళ్లకే గదా పోయిండు, కోర్టులకు పోలే గదా అప్పటికి. మొదలు గీ ఆదిలాబాద్ పెండ్లి. నాగోబా జాతరయిన వారానికి. దానికి ఒక ముడి ఏసిన. తర్వాత బెల్లంపల్లి, రెండు ముళ్లు. శివరాత్రి అయినంక ఎములాడ, మూడు. కాముని పున్నానికి కరీంనగర్‌ల దొరికిండు, నాలుగు. అన్నీ ఒకటే పెండ్లిళ్ల కాలం అమ్మా. గా ఏడు నేను బీడీలు ఇచ్చి ఇంటికొచ్చేసరికి మనిషి ఉండకపోతుండె, గందుకే యాదికున్నది."

మేజిస్ట్రేటు నా పట్టికను పక్కన పెట్టారు. ఒక్కో తీర్పు తీసి, శిక్ష పడిన తేదీ కాకుండా నేరం జరిగిన తేదీ వెతికారు. కాగితం మీద రాసుకున్నారు. ఆదిలాబాద్ చార్జిషీటు తేదీ చూశారు. పంచాంగం కావాలన్నట్టు గోడ మీది క్యాలెండర్ వైపు ఒకసారి చూసి, మళ్లీ లెక్క చూసుకున్నారు. ఆమె చెప్పిన వరసలో ఒక్కటి కూడా తప్పలేదు.

"వకీలు గారూ," అన్నారు ప్రభుత్వ న్యాయవాదితో, "ఈ కోర్టు ముందున్న దొంగతనం జరిగిన రోజున ఈ మనిషికి ఎక్కడన్నా శిక్ష పడి ఉందా?"

ఆయన కాగితాలు తిప్పారు. "...లేదు మేడమ్."

"ఏ కోర్టు మెట్లన్నా ఎక్కి ఉన్నాడా?"

"లేదు."

"శిక్ష పడ్డ తర్వాత మళ్లీ చేసినవాడికి కదా పెంచమనేది. ఇది నాలుగో నేరం కాదు, మొదటిది. మొదటి తప్పు చివరికి విచారణకొచ్చింది, అంతే." తర్వాత కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. "మీ అర్జీలో ఈ పాయింట్ లేదేం?"

"ఆమె కట్టలో ఉండింది మేడమ్. నేను కత్తిరించాను," అన్నాను. కోర్టు నవ్వింది. నేను అబద్ధం మాత్రం చెప్పలేదు.

ఆ సూత్రం నేను చదవనిది కాదు. లా కాలేజీలో రెండుసార్లు చదివాను, ఒకసారి పరీక్షకు, ఒకసారి సప్లిమెంటరీకి. అయినా నాలుగు కేసుల కాగితాలు చేతిలో పట్టుకుని చూసినప్పుడు నాకు నాలుగు కోర్టులు కనిపించాయి. ఆమెకు ఒక్క మనిషి కనిపించాడు, ఒక్క చలికాలం చివర ఇంట్లోంచి నాలుగుసార్లు మాయమైన మనిషి. ఇన్ని జిల్లాలు, ఇన్ని పోలీసు స్టేషన్లు, ఇన్ని ముద్రలు కలిసి చూడలేకపోయినదాన్ని ఆమె నాలుగు దారాల్లో పెట్టింది. పెద్ద గోపురం ఎదుట నిలబడితే మెడ దానంతటదే పైకి లేస్తుంది చూడండి, నాకు ఆ క్షణాన అట్లా అయింది. ఆమె మాత్రం నా భుజం ఎత్తు కూడా ఉండదు.

మేజిస్ట్రేటు తీర్పు చెప్పారు. ఏడాది శిక్ష. నడుస్తున్న శిక్షతో పాటు ఏకకాలంలో అమలు. ఆ మాట ఆవిడ చెబుతుంటే స్టెనో వేళ్లు కొట్టడం విన్నాను. ఇంత చిన్న చప్పుడుకు ఒక మనిషి ఎనిమిది నెలలు తేలికయ్యాడు. అతను ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు. "ఒకటే బంతి," అన్నాను. గంగాళం దించినట్టు తల నుంచి ఏదో దిగింది అతనికి.

బయట వేపచెట్టు కింద ఆమెకు లెక్క చెప్పాను. మూడోదానిలో ఎనిమిది నెలలు మిగిలి ఉన్నాయి. ఇది ఏడాది. రెండూ కలిసి నడుస్తాయి, కాబట్టి ఈ రోజు నుంచి ఏడాది. వెంట వెంట అయితే ఏడాది ఎనిమిది నెలలు పట్టేది.

"అంటే పెన్సిల్ తారీఖు మీద నాలుగు నెలలు ఎక్కువ," అంది.

"అవును. నేను మొదటే అడగాల్సింది, అక్కా. తప్పు నాది."

డబ్బా మూత తీసి సగం రొట్టె తుంచి నాకిచ్చింది. "తినుండ్రి సార్. తప్పు మీదైతే మీరు గూడ ఒప్పుకున్నట్టే. తక్కువల పోతది."

అతనికి శిక్ష పడింది, నాకు శిక్షణ అయింది.

వారం తర్వాత తీర్పు నకలుతో జైలుకు వెళ్లాం. గుమస్తా నకలు చదివి, రిజిస్టరు తెరిచి, పాత తేదీని రబ్బరుతో తుడిచాడు. ఆ రబ్బరు తిరిగినంతసేపూ ఆమె చూపు దాని మీదే ఉంది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి కొత్త తేదీ రాశాడు. ఆమె అడగకముందే ఒక చీటీ మీద కూడా అదే రాసి కిటికీలోంచి అందించాడు.

"ఇగో అక్కా, ఇగ మారది."

ఆమె చీటీని వెలుగులోకి పట్టుకుంది. చదువు రాదు కదా, ఏం చూస్తోందా అనుకున్నాను. తంబాకు పట్టిన బొటనవేలికి కొంచెం ఉమ్మి తడి చేసి, తేదీ చివరన గట్టిగా ఒకసారి రుద్దింది. నీలిరంగు కొద్దిగా పాకింది, అంకె చెరగలేదు.

"పోదాం సార్," అంది. "బిడ్డ గోడ మీద గీతలు పెంచాలె. బొగ్గు ఉన్నదో లేదో."